పాట పాడినవాడు, పైకం కట్టినవాడు



వేలంలో ధర చెప్పడాన్ని మనం పాట అంటాం. గుడిలో లడ్డు వేలమైనా, చెరువులో చేపలైనా, సంతలో గేటు వసూలైనా ధర చెప్పినవాడు పాటదారు. ఆ మనిషి మన ఎదురుగా నిలబడి పాడతాడు. నలుగురూ చూస్తుంటారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాక వెనక్కి తగ్గితే మర్నాడు టీ అంగడి దగ్గర తల ఎత్తుకోలేడు. ఆ సిగ్గే సగం పూచీ. ఇప్పుడు పాట ఫోనులోకి వచ్చింది. పాడేవాడు ఢిల్లీలో ఉన్నాడో, సూరత్‌లో ఉన్నాడో, మన పక్క వీధిలోనే ఉన్నాడో తెలియదు. పేరు ఉండాల్సిన చోట ఒక నంబరు ఉంటుంది. మూడోసారి అన్నాక ఆ నంబరు పలకకపోతే ఎవరిని అడగాలి? ఈ రోజు నేను మాట్లాడబోయేది దాని గురించే.

నేను ప్రొద్దుటూరులో ఒక పసుపు మండీలో ఇరవై రెండేళ్లు లెక్కలు రాశాను. పద్దు పుస్తకంలో ఒక పక్క సరుకు, ఇంకో పక్క పైకం. సరుకు పక్క నిండిపోయి, పైకం పక్క తెల్లగా మిగిలిన పేజీలు చాలా చూశాను. ఆ పేజీల వెనక ఉన్న ఇళ్లు కూడా నాకు తెలుసు. పని మానేసి ఏళ్లయినా, సాయంత్రంపూట ఎవరో ఒకరు ఫోను పట్టుకుని మా ఇంటికి వస్తూనే ఉంటారు. జమ్మలమడుగు నుంచి శనగల రైతు, మైలవరం నుంచి చీరలు నేసే ఆమె, పులివెందుల పక్క నుంచి చీనీ తోట ఆయన. అందరి మాటా ఒకటే: "పాట ముగిసింది సార్, కొన్నాయన పలకడం లేదు, ఏం జేయల్ల?"

ముందు నా సంగతి చెప్తాను. 2013లో మా తాత గ్రామఫోనును ఒక వేలం సైటులో పెట్టాను. ఇత్తడి కొమ్ము, టేకు పెట్టె, కింద సొరుగులో సూదుల డబ్బా. ఐదు రోజుల పాట. నాలుగు వేలకు మొదలైంది, చివరి గంటలో ఇద్దరు పోటీపడి పదకొండున్నర వేలకు తీసుకుపోయారు. ఇంట్లో అందరం ఫోను చుట్టూ కూర్చున్నాం. మా అమ్మ ఆ రాత్రే పాత దుప్పట్లు తెచ్చి, పెట్టె చుట్టూ చుట్టి, తాడు కట్టింది. కొన్నతను మొదటి రోజు "రేపు వేస్తాను" అన్నాడు. రెండో రోజు "బ్యాంకు సెలవు" అన్నాడు. నాలుగో రోజు నుంచి జవాబు లేదు. సైటు వాళ్లకు రాస్తే వాళ్ల రుసుము మాత్రం వెనక్కి వేశారు. అంతటితో వాళ్ల పని అయిపోయింది. రెండో పాటదారుకు రాద్దామంటే అప్పటికి పన్నెండు రోజులు దాటాయి, అతను ఇంకెక్కడో కొనేసుకున్నాడు. ఆ దుప్పట్ల మూట మా వసారాలో ఏడాదిపాటు అట్లాగే ఉంది. డబ్బు పోలేదు, నిజమే. కానీ అమ్మ ఆ తాడు విప్పిన రోజు ఆమె ముఖం చూడలేకపోయాను. మోసగాడికంటే నేనే ఎక్కువ తప్పు చేశానని అప్పుడు తెలిసింది. "రేపు" అన్న మాటకు నేను గడువు పెట్టలేదు. గడువు పెట్టి ఉంటే రెండో మనిషి చేజారేవాడు కాదు.

ఇది చిన్న ఇళ్లలో జరిగే సంగతి మాత్రమే కాదు. 2010 నవంబరులో లండన్ శివారు రైస్లిప్‌లో ఒక చిన్న వేలం సంస్థ, ఒక ఇంటి సామాన్లలో బయటపడిన చైనా పింగాణీ కూజాను పాటకు పెట్టింది. కియాన్‌లాంగ్ చక్రవర్తి కాలం నాటిది. 4 కోట్ల 30 లక్షల పౌండ్లకు సుత్తి పడింది. ప్రపంచమంతా పత్రికల్లో రాశారు. పాడినవాడు మాత్రం డబ్బు కట్టలేదు. రెండేళ్లు గడిచాక, 2013లో, ఆ కూజా ఇంకో సంస్థ ద్వారా వేరేవాళ్లకు పోయింది, దాదాపు సగం ధరకని అప్పట్లో పత్రికలు రాశాయి. అమ్మినవాళ్లకు మిగిలిన బలం ఒక్కటే: కూజా వాళ్ల దగ్గరే ఉంది. అది చేయి దాటి ఉంటే ఆ సగం కూడా వచ్చేది కాదు.

మన చట్టం కూడా అమ్మేవాడికి ఆ బలమే ఇస్తుంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం, సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ అంటారు, ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో 64వ సెక్షను వేలం గురించే. సుత్తి పడేదాకా, లేదా వాడుకలో ఉన్న ఇంకే పద్ధతిలోనైనా పాట ముగిసిందని చెప్పేదాకా, పాడినవాడు తన పాట వెనక్కి తీసుకోవచ్చు. ముగిసిందని చెప్పాక అమ్మకం పూర్తయినట్టే. ఒప్పందం ఫోనులో, కంప్యూటర్లో జరిగిందన్న ఒక్క కారణంతో అది చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఎ సెక్షను చెప్తుంది. కాబట్టి పాట గడువు ముగిసినప్పుడు తెర మీద ఉన్న ధర, ఆ టైము, ఆ నంబరు, వీటి ఫోటో తీసి దాచుకోండి. పూర్వం మేం పద్దులో సంతకం తీసుకునేవాళ్లం. ఇప్పుడు ఆ ఫోటో అట్లాంటిది.

పైకం అందని అమ్మకందారుకు అదే చట్టం మూడు హక్కులిచ్చింది. సరుకు తన దగ్గరే ఉంటే ఇవ్వకుండా పట్టి ఉంచుకోవచ్చు. సరుకు దారిలో ఉండి, కొన్నవాడు దివాలా తీస్తే దారిలోనే ఆపించుకోవచ్చు. ఇంకొకరికి తిరిగి అమ్ముకోవచ్చు. మొదటి హక్కు, అంటే పట్టి ఉంచుకునే హక్కు, సరుకు మీ గడప దాటగానే పోతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో నగ చూడండి. ఎంత తెలిసినవాళ్లొచ్చినా, నోట్లు లెక్కపెట్టేదాకా నగ అద్దానికి అవతలే ఉంటుంది. ఎవరూ దాన్ని అవమానం అనుకోరు. మరి పది టన్నుల చీనీ కాయలు లారీకి ఎత్తేటప్పుడు అదే మాట అడగడానికి మన రైతుకు ఎందుకు మొహమాటం?

జమ్మలమడుగు, పెద్దముడియం వైపు నల్లరేగడి శనగల రైతులకు ఇక్కడొక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మీ సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది, మీ చేతిలో ఉండేది బాండు. కొనేవాడు ఫోనులో వీడియో చూసి ధర పాడి, "బాండు ఫోటో పెట్టండి, మా మనిషి వచ్చి తీసుకుంటాడు" అంటాడు. ఫోటో పెడితే పెట్టండి. బాండు కాగితం మాత్రం పైకం ఖాతాలో పడేదాకా ఇవ్వకండి. బాండు చేయి మారి, గిడ్డంగి వాళ్లు కొత్త పేరు రాసుకున్నారంటే, బస్తా కదలకపోయినా సరుకు మీ చేయి దాటిపోయినట్టే. కొనేవాడు నిజాయితీపరుడైతే గిడ్డంగి ఆఫీసులోనే కూర్చుని, డబ్బు పంపి, మీ ఫోను మోగాక బాండు తీసుకుంటాడు.

కడప మార్కెట్ యార్డు సంగతికి వస్తాను. 2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్‌ను, మనం ఈనామ్ అంటున్నదాన్ని, 8 రాష్ట్రాల్లో 21 మండీలతో మొదలుపెట్టింది. ఇప్పుడు దేశంలో 1,400కు పైగా మండీలు అందులో ఉన్నాయి. కడప పసుపు యార్డు కూడా ఉంది. మైదుకూరు, ఖాజీపేట, చాపాడు పక్కల పసుపు అక్కడికే పోతుంది. గేటు దగ్గర పేరు రాయించుకుంటే లాటు నంబరు ఇస్తారు. నాణ్యత చూస్తారు. వ్యాపారులు కంప్యూటర్లోనో ఫోనులోనో ధర వేస్తారు. టైము ముగిశాక ఎక్కువ ధర ఎవరిదో తేలుతుంది. నచ్చకపోతే రైతు వద్దనవచ్చు. ఆ తర్వాత కాటా, బిల్లు, చెల్లింపు, చివరికి సరుకు బయటికి పోయే గేటు పాసు. ఈ వరుస వేసినవాళ్లకు విషయం తెలుసు. పైకం ముందు, గేటు తర్వాత.

కష్టమెక్కడంటే, పాట కంప్యూటర్లో జరిగినా పైకం మాత్రం చాలాచోట్ల పాత దారిలోనే నడుస్తుంది. వ్యాపారి కమీషన్ ఏజెంటుకు ఇవ్వాలి, ఏజెంటు రైతుకు ఇవ్వాలి, మధ్యలో రైతు తీసుకున్న పాత అప్పు ఉంటుంది. "వారం ఆగండి" అంటారు. అప్పు ఇచ్చిన ఏజెంటును రైతు గట్టిగా అడగలేడు. అది నేను రాసిన పద్దుల్లో చూసిందే, అందుకే చెప్తున్నాను. అయినా యార్డులో అమ్మిన రైతుకు ఒక ఆధారం ఉంది. అక్కడి వ్యాపారికి లైసెన్సు ఉంటుంది, ఆ లైసెన్సు మీద మార్కెట్ కమిటీకి అధికారం ఉంటుంది. తక్‌పట్టీ చీటీ, సేల్ బిల్లు చేతిలో ఉంటే కమిటీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. లైసెన్సు పోతుందంటే వ్యాపారి కదులుతాడు. యార్డు బయట, ఏదో వాట్సాప్ గ్రూపులో అమ్మినవాడికి ఆ అండ లేదు.

పొగాకు బోర్డు వేలం కేంద్రాల్లో ఇంకా గట్టి ఏర్పాటు ఉంది. ప్రకాశం జిల్లా రైతులను అడగండి. కొనేవాడు ముందు బోర్డు దగ్గర నమోదు కావాలి, పూచీ చూపాలి. పైకం బోర్డు ద్వారా రైతు బ్యాంకు ఖాతాకే చేరుతుంది. కొన్నవాడి ఇంటి చుట్టూ రైతు తిరగాల్సిన పని లేదు. మన అడవుల నుంచి పట్టుబడిన ఎర్రచందనాన్ని ప్రభుత్వం 2014లో ఆన్‌లైన్ వేలంలో అమ్మినప్పుడు కూడా ధరావతు కట్టినవాళ్లనే పాటకు రానిచ్చారు. కట్టాల్సిన గడువులో కట్టకపోతే ధరావతు పోతుంది. లంకమల, పాలకొండల దుంగలకు ఉన్న ఈ రక్షణ, అదే కొండల కింద పండిన పసుపుకు, అరటికి ఎందుకు ఉండకూడదన్నది నా ప్రశ్న. ప్రభుత్వం ఇచ్చేదాకా మన చిన్న పాటల్లో మనమే పెట్టుకోవచ్చు.

ధరావతు అన్నాను కాబట్టి, దానిలాంటి బయానాకూ అడ్వాన్సుకూ తేడా చెప్పాలి. రెండూ ఒకటే అనుకుంటారు. కోర్టు అట్లా అనుకోదు. ధరలో భాగంగా ముందు ఇచ్చింది అడ్వాన్సు. కొనడం జరగకపోతే, మీకు జరిగిన నష్టం పట్టుకుని మిగిలింది తిరిగి ఇవ్వాలి. మాట నిలబెట్టుకుంటానని పూచీగా ఇచ్చింది బయానా. కొన్నవాడు తప్పితే అది ఉంచుకోవచ్చు, అయితే ముందే ఆ మాట చెప్పి ఉండాలి, మొత్తం న్యాయంగా ఉండాలి. కాబట్టి పాటకు ముందే గ్రూపులో ఒక వాక్యం రాయండి: "పాట గెలిచినవాళ్లు రెండు గంటల్లో ఇంత బయానా పంపాలి, రేపు సాయంత్రం ఆరులోగా మిగతా పైకం కట్టాలి, లేకపోతే బయానా తిరిగి రాదు, సరుకు రెండో పాటదారుకు ఇస్తాం." రెండో పాటదారు నంబరు కూడా అప్పుడే రాసి పెట్టుకోండి. అతనికి ఇచ్చేటప్పుడు అతను పాడిన ధరకే ఇవ్వండి, మొదటివాడు తప్పుకున్నాడని దాచకుండా చెప్పండి.

మైలవరం చీరల ఆమె సంగతి వేరు. ఆమె ఫోనులో లైవ్ పెట్టి చీర చూపిస్తుంది, ముందుగా "బుక్" అని రాసినవాళ్లకు చీర. ఒక రాత్రి ఇరవై చీరలు బుక్ అయితే తెల్లారేసరికి పదకొండు మంది పలకలేదు. ఆ రాత్రి నిజంగా కొనాలనుకున్నవాళ్లు "అయిపోయింది" అనుకుని వెళ్లిపోయారు. పార్సిలు అందాక డబ్బు అన్నచోట ఇంకా బాధ. అవతల తలుపు తీయరు, చీర తిరిగొస్తుంది, పోను రాను ఖర్చు ఆమె మీద పడుతుంది. మడతలు నలిగిన చీరను మళ్లీ కొత్తదిగా చూపించడం కుదరదు. నేను ఆమెకు చెప్పింది ఒక్కటే. అరగంట గడువు పెట్టమ్మా, అరగంటలో రెండు వందలైనా పంపనివాళ్ల పేరు తీసేసి తర్వాతి పేరు చదువు. మొదట జనం తగ్గుతారని భయపడింది. తగ్గారు, తగ్గినవాళ్లు కొనేవాళ్లు కాదు. అంగళ్లవాళ్లకు, వ్యాపార సంస్థలకు అమ్మే నేతవాళ్లు మాత్రం చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు చేయించుకోండి. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం ఆ కొనుగోలుదారు, ఒప్పందంలో ఏమున్నా, 45 రోజుల్లోగా చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు ఇంట్లో కూర్చునే చేయవచ్చు.

కట్టనివాళ్లందరూ దొంగలు కాదు. పిల్లలు ఫోను నొక్కి ఉండవచ్చు, ఇంట్లో ఎవరికో ఒళ్లు బాగాలేకపోయి ఉండవచ్చు. ఒకసారి మర్యాదగా అడగండి. అతని ఫోటో, పేరు గ్రూపుల్లో పెట్టి "మోసగాడు" అని రాయకండి, తిరిగి మీ మీదే పరువునష్టం కేసు రావచ్చు. డబ్బు పంపినట్టు దొంగ స్క్రీన్‌షాట్ పెట్టి సరుకు తీసుకుపోయినవాడి సంగతి వేరు. అది ఆలస్యం కాదు, వంచన, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద నేరం. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. స్క్రీన్‌షాట్‌ను ఎప్పుడూ నమ్మకండి, మీ ఖాతా తెరిచి చూడండి. డబ్బు మీకు రావడానికి మీ పిన్ నొక్కాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. "పిన్ నొక్కితే పడుతుంది" అన్నాడంటే అతను కొనడానికి రాలేదు.

చెక్కు ఇచ్చినవాడి విషయం. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. తిరిగొస్తే, తిరిగొచ్చిన సంగతి తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ లెక్కలో రోజులు తప్పి, బలమైన కేసులు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. "వచ్చే వారం ఇస్తానన్నాడు కదా" అని ఆగుతారు. ఆ వారాలు నోటీసు గడువును తినేస్తాయి.

ఇక మన సీమలో అందరికీ తెలిసిన రెండక్షరాలు, ఐపీ. "ఫలానా ఆయన ఐపీ పెట్టాడంట" అన్న మాట ఊళ్లో పాకిన రోజు మండీ వీధి ఎట్లా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. 1920 నాటి దివాలా చట్టం కింద అప్పులు తీర్చలేనని కోర్టుకు పెట్టుకునే పిటిషను అది. అప్పులవాళ్లందరికీ నోటీసు వస్తుంది. చాలామంది రైతులు ఆ కాగితం చూసి, ఇక పోయిందనుకుని, పెట్టెలో పడేస్తారు. పడేయకండి. బిల్లులు తీసుకుని వకీలును కలిసి కోర్టులో హాజరై మీ బాకీ రుజువు చేసుకోండి. దివాలా తీయడానికి ముందు రెండేళ్లలో అతను ఆస్తిని సరైన వెల లేకుండా బంధువుల పేర రాసి ఉంటే, దాన్ని రద్దు చేసే అధికారం కోర్టుకు ఉంది. అడిగేవాళ్లు వస్తేనే ఆ ఆస్తి బయటపడుతుంది.

ఐపీ పెట్టేదాకా కూడా ఆగక్కర్లేదు. విక్రయ చట్టం దృష్టిలో, మామూలు వ్యాపారంలో బాకీలు తీర్చడం ఆపేసినవాడు దివాలా తీసినట్టే. ఈ సంగతి లింగాల మండలంలో ఒక చీనీ రైతుకు అక్కరకొచ్చింది. వాట్సాప్ గ్రూపులో పాట, ఢిల్లీ వ్యాపారి గెలిచాడు. యాభై వేలు ముందు పంపాడు, మిగతాది లారీ హైదరాబాదు దాటేలోగా అన్నాడు. సాయంత్రం లారీ కదిలింది. రాత్రికి అతని ఫోను మూగబోయింది. మధ్యవర్తిని అడిగితే "ఆయన ఐదారు మందికి ఇవ్వాలంట, ఎవరికీ ఇవ్వడం లేదు" అన్నాడు. రైతు తెల్లవారుజామున నాకు ఫోను చేశాడు. నేను అడిగింది ఒక్కటే, బిల్టీ, అంటే లారీ రసీదు, ఎవరి పేరు మీద ఉంది? అతను లోడు ఎత్తేటప్పుడు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఎవరో పెద్దాయన చెప్పాడని, సరుకు పంపేదీ అందుకునేదీ తానే అన్నట్టు "సెల్ఫ్" అని రాయించుకున్నాడు. కొన్నవాడి పేరు లేదు. ట్రాన్స్‌పోర్టు ఆయన ఒక్క ఫోనుతో జడ్చర్ల దాటిన లారీని ఆపించాడు. కాయలు హైదరాబాదు పండ్ల మార్కెట్‌కు మళ్లాయి.

టన్నుకు నాలుగు వేలు తక్కువ పలికింది. పాడైపోయే సరుకు కాబట్టి తిరిగి అమ్మడానికి ముందు నోటీసు కోసం ఆగాల్సిన పని లేదు. శనగలో పసుపో అయితే ముందు నోటీసు ఇచ్చి, కొంత గడువు చూసి, అప్పుడు అమ్మాలి. నోటీసు ఇవ్వకుండా అమ్మితే నష్టం అడిగే హక్కు పోతుంది, లాభం వస్తే అది కూడా కొన్నవాడిదే అవుతుంది. ఈ రైతు తగ్గిన నలభై వేలు, లారీ మళ్లించిన బాడుగ లెక్కగట్టి, ఆ యాభై వేలలో పట్టుకుని, మిగిలిన కొద్ది మొత్తం ఎంతో రాసి, ఖాతా నంబరు పంపితే వేస్తానని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాడు. జవాబు రాలేదు. ఆ కొద్ది డబ్బు ఇప్పటికీ విడిగా ఉంచాడు.

మొన్న రెండో కోతకు లారీ పెట్టాడు. ఈసారి అనంతపురం వ్యాపారి, పైకమంతా ముందే పడింది. అయినా బిల్టీ రాసే గుమాస్తా రైతు ముఖం చూసి, అడక్కముందే "సెల్ఫ్" అని రాయబోతే, "వద్దబ్బా, ఈయన కట్టేశాడు, ఈయన పేరే రాయి" అన్నాడంట.